లాండ్రీ గదిలో నాగహామా గారి ఫిల్ము

ఫిల్ము ఇరుక్కుంది. మూడు చుట్లు సాఫీగా వెళ్ళి నాలుగో చుట్టు దగ్గర ఆగిపోయింది. ముందుకు తిప్పితే కదలదు, వెనక్కి లాగితే కిర్రుమంటుంది, ఇంకాస్త లాగితే చిరుగుతుంది. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి. ఫిల్ము చుట్టే ప్లాస్టిక్ రీలు చుక్క తడి లేకుండా ఆరాలి, ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజు నేర్చుకునే పాఠమే అది, పొద్దున ఆ రీలు కడిగి డ్రయ్యర్ మీద బోర్లించి తుడవడం మర్చిపోయింది నేనే. జూలై ఉక్క. ఈ బేస్‌మెంట్‌లో అప్పడాలే మెత్తబడిపోతాయి, రీలు ఆరుతుందా? ఎన్ని వేల ఫిల్ములు ఎక్కించాను ఈ చేతుల్తో, పాటలు పాడుకుంటూ, సాయంత్రం వంట ఆలోచించుకుంటూ, ఒకసారి నిండు చూలాలిగా గోడకి ఆనుకుని కునుకు తీస్తూ కూడా ఎక్కించాను. ఇవాళే ఇరుక్కోవాలి, ఈ ఫిల్మే ఇరుక్కోవాలి. మెడ మీంచి చెమట జారి వీపులోకి పోతోంది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

లైటు వెయ్యడానికి లేదు. ఫొటో కాగితానికైతే ఎర్ర బల్బు పరవాలేదు, కడగని ఫిల్ముకి ఏ వెలుతురూ పనికిరాదు, అగ్గిపుల్ల వెలిగించినంత చాలు, అందులో ఉన్నదంతా నల్లగా మాడిపోతుంది. తలుపు తియ్యడానికీ లేదు. తలుపు కింద తువ్వాలు కుక్కాను, పైనున్న చిన్న కిటికీకి వంటింటి ఫాయిల్ రెండు పొరలు అంటించాను. ఫిల్ముని రీలుతో సహా డబ్బాలో పెట్టి మూత బిగించేస్తే ఇక లైటు వేసుకోవచ్చు, మూత మీది కన్నంలోంచి ఫిల్ము కడిగే మందు పోసుకోవచ్చు, ఆ డబ్బాలోకి వెలుతురు దూరదు. కానీ సగం రీల్లో, సగం నా గుప్పిట్లో ఉన్నదాన్ని డబ్బాలో ఎలా పెట్టను? ఎలాగో కుక్కేస్తే తడికి ఒక పొర ఇంకో పొరకి అంటుకుని బొమ్మలన్నీ తోలు ఊడినట్టు ఊడొస్తాయి. కాబట్టి ఈ చీకట్లో నిలబడాలి, అంతే. ఎడమ మోచేతికి వాషింగ్ మెషీను తగులుతోంది, వెనక ఆవకాయ జాడీ, ఫిల్ము కడిగే హైపో మందు వాసనా ఆవ ఘాటూ కలిసి ముక్కు పట్టేస్తున్నాయి. కుడి భుజం పక్కన, జానెడు దూరంలో, లైటు స్విచ్చి. తలుపవతల బేస్‌మెంట్ మెట్ల మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు, ఆ స్విచ్చి ఎప్పుడు వేస్తానా అని. వెయ్యమని అడిగింది ఆయనే.

భాస్కర్. పైకి ఏమండీ అంటాను గానీ మనసులో పేరు పెట్టే పిలుస్తాను, పెళ్ళయినప్పటి నుంచీ అంతే, ఆయనకి తెలీదు. పొద్దున పదింటికి ఉప్మా బాణలి ముందు నిలబడి అడిగాడు. నా చేతిలో ఈ ఫిల్ము డబ్బీ ఉంది అప్పుడు, నాగహామా గారు అప్పుడే ఇచ్చారు. అది చూసి భాస్కర్ మొహం పాలిపోయింది. ఫిల్ము కెమెరాతో పాటే పాడైపోయిందనుకున్నాడట. ఒక్క సెకను సుమతీ, ఒక్క సెకను లైటు వెయ్యి, పొరపాటున జరిగిందని చెప్పు, ఎవరి చేతిలోనైనా పాడవ్వవచ్చుగా ఫిల్ములు, అన్నాడు. ఇంట్లో అతిథి, ముందు గదిలో మా పాప రేణు ఆయన చేతి కట్టు మీద క్రేయాన్లతో పువ్వులు వేస్తోంది, ఇక్కడ పొయ్యి దగ్గర మా ఆయన ఆ అతిథి ఫిల్ము తగలబెట్టమంటున్నాడు. ఎందుకు అన్నాను. అప్పుడు చెప్పాడు. ఉప్మా అడుగంటిపోయింది.

ఇవాళ పొద్దున దాకా నాకు తెలిసింది ఒకటే, నాగహామా గారు జారిపడ్డారని. ఇద్దరూ అదే మాట చెప్పారు, ఆయనా, భాస్కరూ. కుడి మణికట్టు విరిగింది, ఆస్పత్రిలో కట్టు కట్టారు, కెమెరా లెన్సు పగిలింది, జారిపడ్డారు. పాపం అనుకుని రాత్రి పసుపు పాలిచ్చాను. యాభై రెండేళ్ళ మనిషి, మొహం చూస్తే నలభై అంటారు. పసుపు పాలని అనుమానంగా చూసి, కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసి, కప్పు రెండు చేతుల్తో పట్టుకోవడం కుదరక ఒక్క చేత్తోనే పట్టుకుని తలొంచారు. ఆయన తలొంచడం నాకు కొత్త కాదు. న్యూయార్క్‌లో నాలుగేళ్ళు ఆయన స్టూడియోలో పని చేశాను. డెబ్బై ఐదులో వెళ్ళాను ఆ గుమ్మంలోకి, ప్రింట్ల మీద దుమ్ము మచ్చలు దిద్దేవాళ్ళు కావాలని పేపర్లో చూసి. నా ముందు ముగ్గురు అమెరికన్ అమ్మాయిలు పరీక్షకి కూర్చున్నారు. నిలువెత్తు ఫొటో, బొచ్చు కోటు వేసుకున్న మోడలు, మొహం నిండా తెల్ల చుక్కలు. వాళ్ళు బ్రష్షుని నీళ్ళ గిన్నెలో ముంచుతున్నారు, నేను నాలిక మీద తడి చేసుకుని మొన తీశాను. నాగహామా గారు నా వెనక ఆగిపోయారు. ఎక్కడ నేర్చుకున్నారన్నారు. గుడివాడలో, మా నాన్న స్టూడియోలో, అన్నాను. టోక్యోలో మా గురువు కూడా బ్రష్షు నాకేవాడు, నీళ్ళెక్కువైతే మచ్చ పెద్దదవుతుంది, ఉమ్మి అయితే సరిగ్గా సరిపోతుంది, అన్నారు. ఉద్యోగం వచ్చింది, ఆ రోజు నుంచీ ఆయనకి నేను సుమతి-సాన్‌ని, సాన్ అంటే మన గారు లాంటిదే. ఉమ్మి పుణ్యాన వచ్చిన ఉద్యోగమని భాస్కర్ ఏడిపించేవాడు, ఊళ్ళో మా నాన్నకి రాస్తే పోస్టుమాన్‌కి కూడా చదివి వినిపించాడట.

రెండు వేళ్ళతో రీలు అంచు తడుముతున్నాను. తడి ఇక్కడే, నాలుగో చుట్టు మలుపులో, సూది మొనంత. వెనక్కి విప్పాలి. ఊపిరి బిగబట్టి, ఒక్కో గాడీ వదిలిస్తూ, చిరక్కుండా. మా నాన్న చీకటి గది మెట్ల కింద ఉండేది, అందులో కూర్చుని పెళ్ళికూతుళ్ళ నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో దిద్దేవాడు, చామనఛాయ పిల్లలు తెల్లగా రావాలని. పెళ్ళికూతుళ్ళ తల్లులు వచ్చి చెవిలో చెప్పేవాళ్ళు, కాస్త రంగు చూడండి మేష్టారూ అని. నాన్న దిద్దేవాడు. నేనూ దిద్దేదాన్ని, పదమూడేళ్ళకే బుగ్గలు తెల్లగా చెయ్యడం నాకొచ్చు. దాన్ని ఎవరూ అబద్ధం అనలేదు, మర్యాద అన్నారు. మరి ఇది కూడా మర్యాదే అనుకోవచ్చు కదా, ఒక్క సెకను లైటు. ఇంటి మగాడి పరువు, ఆయన ఉద్యోగం. ఆగస్టులో ఇంకో లిస్టు వస్తుందట, కార్ల ప్లాంటులో మూడో విడత పీకేయడం, భాస్కర్ క్వాలిటీ ఇంజనీరు, ఆయన సెక్షన్‌లో ఏడుగురు ఉండేవాళ్ళు, ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకడు జపాన్ ఫొటోగ్రాఫర్‌ని ప్లాంటు పిక్నిక్‌కి వెంటపెట్టుకొచ్చాడని పత్రికలో బొమ్మలు పడితే ఎవర్ని పీకుతారో నాకెవరూ చెప్పక్కర్లేదు. అంతా తెలుసు నాకు. తెలిసే నిలబడ్డాను, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

తలుపు మీద వేళ్ళు. మెల్లిగా, పక్కింటివాళ్ళ తలుపు తట్టినట్టు.

"సుమతీ. అయిందా?"

లేదన్నాను. ఎంతసేపు పడుతుంది, స్విచ్చి వెయ్యడానికి అంతసేపా, అన్నాడు. ఇరుక్కుంది అన్నాను. ఏది ఇరుక్కుంది అన్నాడు. అన్నీ అన్నాను. మెట్టు కిర్రుమంది, మళ్ళీ కూర్చున్నాడు. ఆయన కోపంగా అరిస్తే బాగుండేది, నాకూ అరవడానికి వీలయ్యేది. ఈ మనిషి అరవడు. పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కసారి అరిచాడు, అదీ నా మీద కాదు, విడిభాగాలు అమ్మేవాడి మీద ఫోనులో, తర్వాత వాడికే మళ్ళీ ఫోన్ చేసి సారీ చెప్పాడు.

నాగహామా గారు కూడా అరవరు. స్టూడియోలో ఎంత పెద్ద మోడలు ఆలస్యంగా వచ్చినా, ఏజెన్సీ వాళ్ళు ఆరుగురు వెనక నిలబడి తలా ఒక మాట అన్నా, కెమెరా వెనక నిశ్శబ్దంగా నవ్వుతూ ఉండేవారు. ఆయన తీసిన ఫొటోల్లో బట్టలు బతికున్నట్టుంటాయని అనేవాళ్ళు. ఎందుకుండవు? వాళ్ళమ్మ కోబే ఊళ్ళో దర్జీ. బాంబుల్లో ఊరు తగలబడినప్పుడు ఆయనకి పద్నాలుగేళ్ళు, తల్లీ కొడుకూ కుట్టుమిషను మోసుకుని కొండెక్కారట, బియ్యం వదిలేసి మిషను మోశారు. యుద్ధమయ్యాక ఆవిడ పట్టు కిమోనోలు విప్పి అమెరికన్ ఆఫీసర్ల భార్యలకి జాకెట్లు కుట్టేది, ఈయన అరువు కెమెరాతో ఆ ఆఫీసర్లకి ఫొటోలు తీసేవారు. తర్వాత టోక్యోలో పత్రికలు, తర్వాత సైగాన్‌లో ఐదేళ్ళు, యుద్ధం ఫొటోలు. ఆ ఐదేళ్ళ ఫొటోల్లో ఒక్కటి కూడా స్టూడియో గోడ మీద ఉండేది కాదు. ఒక పెట్టె ఉండేది బీరువా మీద, దాని మీద దుమ్ము నేను దులిపేదాన్ని. రెండేళ్ళు దులిపాక ఒకరోజు అడిగాను, ఇంత పని వదిలి కోట్లూ గౌనుల్లోకి ఎందుకొచ్చారని. మధ్యాహ్నం, ప్రింట్లు కడుగుతున్నాం, చేతులు నీళ్ళలో ఉన్నాయి.

అప్పుడు చెప్పారు. ఒక ఊళ్ళో ఒక అమెరికన్ సైనికుడు, పంతొమ్మిదేళ్ళ వాడు, ఒక ముసలాయన్ని బూటుకాలితో కుమ్మడం తీశారట. మూడు ఫ్రేములు. వాడు చూశాడు. వచ్చి ఏడ్చాడు, మా అమ్మ చూస్తుందండీ అన్నాడు. వాడు తుపాకీ ఎత్తి ఉంటే కెమెరా తెరిచేవాణ్ణి కాదు సుమతి-సాన్, ఏడ్చాడు, అన్నారు. కెమెరా వెనక మూత అక్కడే ఎండలో వాడి ముందే తెరిచి ఫిల్ము మాడిపోనిచ్చారట. వాడు థాంక్స్ చెప్పి సిగరెట్ పెట్టె ఇచ్చాడు. పదిహేను రోజుల తర్వాత ఆ ముసలాయన కోడలు నలభై మైళ్ళు నడిచి సైగాన్ వచ్చింది, మా మామగారు పోయారు, ఎవరో జపాన్ ఆయన ఫొటో తీశాడని ఊళ్ళో చెప్పారు, ఫిర్యాదుకి కావాలి, అంది. లేదన్నాను, అన్నారు నాగహామా గారు. లేదని చెప్పి తలొంచాను, ఆవిడ కూడా తలొంచి వెళ్ళిపోయింది. ఫ్యాషన్‌లో ఎవరూ కెమెరా తెరవమని నన్ను అడగరు, అని నీళ్ళలోంచి ఒక ప్రింటు తీసి క్లిప్పుకి తగిలించారు. నేను చేతులు తుడుచుకుని టీ పెట్టాను.

అలాంటి మనిషి శుక్రవారం మా ఇంటికి భోజనానికొచ్చారు. ఇక్కడే డెట్రాయిట్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీలో బొచ్చు కోట్ల షూటింగు, చలికాలపు సంచికకి జూలై ఎండలో తీస్తారు, ఇద్దరు మోడళ్ళు సొమ్మసిల్లారట. సాంబారన్నం తింటూ ఆ మాటలే చెప్తున్నారు. భాస్కర్ ఊరికే ఉండొచ్చుగా? అతిథిని నవ్విద్దామని జగన్మోహన్ గారి సంగతి చెప్పాడు. జగన్మోహన్ గారు మా వీధిలోనే ఉంటారు, ఇంకో కార్ల కంపెనీలో పని. బాగా నడుస్తుందని జపాన్ కారు కొన్నారు, జపాన్ కార్ల వల్లే ఉద్యోగాలు పోతున్నాయని దాన్ని కంపెనీ పార్కింగ్ లాట్‌లో పెట్టనివ్వరు, గీతలు గీస్తారు. అందుకని గరాజ్‌లో దాచి ఆదివారాలు మాత్రం తెల్లారకముందే బయటికి తీసి గుడికి వెళ్ళొస్తారు, దేవుడికొక్కడికే చూపిస్తారు. అందరం నవ్వాం. ఆ నవ్వులోనే అన్నాడు భాస్కర్, రేపు మా ప్లాంటు పిక్నిక్, పాత జపాన్ కారొకటి ఈడ్చుకొచ్చి పెడతారు, డాలరిస్తే సమ్మెటతో ఒక దెబ్బ, ఆ డబ్బు ఉద్యోగం పోయినవాళ్ళకి. నాగహామా గారి నవ్వు ఆగింది. చెంచా కింద పెట్టారు. నన్ను తీసుకెళ్తారా అన్నారు. పదమూడేళ్ళుగా నేను అసలు పని చెయ్యలేదు, అన్నారు.

భాస్కర్ నావైపు చూశాడు. వద్దని చెప్పు అని ఆ చూపు. పోయినేడు వేసవిలో ఇక్కడికి దగ్గర్లోనే ఒక చైనా అబ్బాయిని బ్యాటుతో కొట్టి చంపారు, జపాన్ వాళ్ళ మీద మంటతో. మొన్న మార్చిలో చంపినవాళ్ళని జడ్జి జైలు లేకుండా వదిలేశాడు. అదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, తీసుకెళ్ళండి, పాపం ఎన్నాళ్ళకో అడుగుతున్నారు, అన్నాను. ఎందుకన్నాను? ఆ పెట్టె మీద దుమ్ము దులిపినదాన్ని కాబట్టి. లేక ఆయన ముందు పెద్ద మనసున్నదానిలా కనబడాలనా? ఏమో. నా నోరే ఈ పని చేసింది, ఇవాళ నా చేతులు అనుభవిస్తున్నాయి.

ఫిల్ము వెనక్కొచ్చేసింది, మొత్తం. ఎడమ గుప్పిట్లో చుట్టలా పట్టుకున్నాను, అరచేయి చెమట దానికి తగలకుండా వేళ్ళ కొసలతో. కుడిచేత్తో రీలుని చీర కొంగుతో తుడుస్తున్నాను, నూలు చీర, పుణ్యం, ఆ పాలియెస్టర్ చీర కట్టుకుని ఉంటే ఏడవాల్సిందే. ముప్పై ఆరు బొమ్మలు ఈ గుప్పిట్లో ఉన్నాయి. ఇందులో ఎక్కడో భాస్కర్ ఉన్నాడు.

ఉప్మా దగ్గర చెప్పాడు. సూపర్‌వైజరు సమ్మెట తెచ్చి చేతిలో పెట్టాడట, కమాన్ బాబ్, అని. అక్కడ బాబ్ అంటారు, భాస్కర్ అనడానికి వాళ్ళకి నోరు తిరగదు. వద్దన్నాడట, నవ్వాడట, తప్పించుకుందామని చూశాడట, చుట్టూ చేరి బాబ్, బాబ్, అని చప్పట్లు కొట్టారట. డాలరు తీసి ఇచ్చాడు. ఒక దెబ్బ వేశాడు, అద్దం పగిలింది. ఒక దెబ్బకే డాలరు, ఇంకో రెండు వేశాడు. పొయ్యి వైపు చూస్తూ చెప్పాడు, నా వైపు చూడలేదు. "బాగుంది సుమతీ. కొడుతుంటే బాగుంది. నాలుగేళ్ళలో వాళ్ళంతా కలిసి నా పేరు పిలవడం అదే మొదలు." తల తిప్పితే ఎదురుగా కెమెరా. నాగహామా గారు పది అడుగుల దూరంలో మోకాలి మీద కూర్చుని తీస్తున్నారు. భాస్కర్ చూపు వెంబడి మిగతావాళ్ళూ చూశారు. అంతే. ఒకడు తోశాడు, ఒకడు కెమెరా లాగాడు, ఇంకొకడు చేతి మీద బూటుకాలు పెట్టి నిలబడ్డాడు. సూపర్‌వైజరు భాస్కర్‌ని అడిగాడట, వీడు నీతో వచ్చాడా బాబ్, అని. లేదు అన్నాడు. అలా అని సమ్మెట పట్టుకుని నిలబడే ఉన్నాడు. నాగహామా గారు తనంతట తానే లేచి, పగిలిన కెమెరా ఏరుకుని రోడ్డు మీదికి నడిచి వెళ్ళిపోయారు, ఎవరో నల్లజాతి ఆవిడ కారాపి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గంట తర్వాత భాస్కర్ మూడు ఆస్పత్రులు తిరిగి వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదట. లేదన్న మాట ఆయన విన్నారో లేదో భాస్కర్‌కి తెలీదు, అడిగే ధైర్యం లేదు. గుమ్మంలో నేను ఏమైందని అడిగితే ముందు నాగహామా గారే అన్నారు, జారిపడ్డానని. భాస్కర్ ఆ మాటే అందుకున్నాడు.

ఆయన విన్నారా? విననట్టే ఉన్నారు పొద్దున. ఎడమచేత్తో ఈ ఫిల్ము నా అరచేతిలో పెట్టి, "సుమతి-సాన్, మీరు కడగండి. ఇందులో ఏం వచ్చినా, ఏం రాకపోయినా, నేను అడగను" అన్నారు. కెమెరా దెబ్బతింది కదా, వెలుతురు దూరి ఉంటుందని అంటున్నారనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని. సాయంత్రం ఏడింటికి విమానం, రాత్రికి న్యూయార్క్‌లో ఉంటారు, స్టూడియోలో ఈ పని చేసేవాళ్ళు నలుగురున్నారు. అక్కడికి పట్టుకుపోకుండా నా చేతిలో పెట్టారు. ఆయన్ని ఎండలో నిలబెట్టి కెమెరా తెరిపించినట్టు ఇవాళ నన్ను ఎవరూ బలవంతం చెయ్యడం లేదు. ఉంచడమో మాడ్చడమో నా ఇష్టమని ఆయన ముందే తాళం చెవి ఇచ్చేశారు. నాకు కోపం వస్తోంది, అవును, ఆయన మీద కోపం వస్తోంది. ఇంత మంచితనం ఎవరు అడిగారు? తిట్టి, పోలీసులకి ఫోన్ చేసి, ఫిల్ము పట్టుకుని టాక్సీ ఎక్కి పోయుంటే నేను సుఖంగా ఏడ్చుకునేదాన్ని.

చిన్న అడుగులు మెట్ల మీద. రేణు. తలుపుకి నోరానించి మాట్లాడుతోంది, ఊపిరి కూడా వినబడుతోంది. "అమ్మా, నువ్వు డన్ ఆ? అంకుల్ వెయిటింగ్." ఇంకా లేదమ్మా అన్నాను. "డాడీ ఎందుకు మెట్ల మీద కూర్చుంది?" అంది, దానికి తెలుగులో మగాళ్ళూ ఆడాళ్ళూ ఒకటే. భాస్కర్ ఏదో గొణిగి దాన్ని పైకి పంపాడు. వెళ్తూ వెళ్తూ ఆగి అడిగింది, దెబ్బంటే దానికి అవ్వీ, "డాడీ, అంకుల్‌కి అవ్వీ ఎవరు చేశారు?" జారిపడ్డారమ్మా అన్నాడు. చిన్నగా వచ్చింది ఆ మాట. నాకు ఆ గొంతు వినబడగానే ఏడుపొచ్చింది, ముక్కు చీదడానికి కూడా వీల్లేదు, గుప్పిట్లో ఫిల్ము.

వేసేద్దామనిపించింది. నిజంగా. రీలు పక్కన పెట్టి చెయ్యి చాపాను, స్విచ్చి వేలికి తగిలింది, చల్లగా ఉంది. వేస్తే అయిపోతుంది, రేణుకి వాళ్ళ నాన్న జారిపడ్డవాళ్ళని ఇంటికి తెచ్చే మంచి నాన్నగా మిగులుతాడు, ఆగస్టు లిస్టులో పేరుండదు, నేను పైకెళ్ళి, సారీ నాగహామా-సాన్, రీలు తడిగా ఉంది, ఫిల్ము చిరిగింది, లైటు వెయ్యాల్సొచ్చింది అని చెప్తాను, రీలు తడిగా ఉన్నది నిజమే కూడా. ఆయన నమ్మినట్టు తలొంచుతారు. నన్ను ఓదారుస్తారు కూడా. అది తల్చుకుంటేనే ఒళ్ళు మండింది. నాకు ఓదార్పు వద్దు.

కానీ చెయ్యి వెనక్కి తీసింది అందుకు కాదు. న్యాయం గురించీ కాదు, నేనంత గొప్పదాన్ని కాను. చూడాలనిపించింది. ఆ మొహం చూడాలి నేను. పన్నెండేళ్ళు పక్కన పడుకున్నాను, వందల ఫొటోలు తీశాను ఆయనవి, నయాగరా దగ్గర, రేణుని ఎత్తుకుని, కొత్త ఇంటి ముందు. అన్నిట్లోనూ ఒకటే నవ్వు, అడిగితే ఇచ్చిన నవ్వు. బాగుంది సుమతీ అన్నప్పుడు ఆ మొహం ఎలా ఉందో నాకు తెలీదు. ఆ మొహం ఈ గుప్పిట్లో ఉంది. దాన్ని ఇంకొకరు తీశారు, నేను కాదు. దాన్ని చూడకుండా నేను ఈ మనిషితో ఇంకో ముప్పై ఏళ్ళు ఉండలేను, చూశాక ఉండగలనో లేదో కూడా తెలీదు, అయినా చూడాలి. భయం వేస్తోంది.

కత్తెర కోసం తడిమాను, లేదు, ఎక్కడో పడేశాను. ఫిల్ము మొన రెండు మూలలూ గుండ్రంగా ఉంటే తడి రీల్లో కూడా జారుతుంది. నోట్లో పెట్టుకుని కొరికాను. ఒక మూల, తర్వాత ఇంకో మూల. చేదు, ముక్కలు నాలిక మీద అంటుకున్నాయి, ఉమ్మేశాను. కొరికిన మొనని రీలు గాడిలో పెట్టి తిప్పాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో చుట్టు దగ్గర కాస్త ఆగి, కటుక్కుమని దాటింది. తర్వాత ఇక ఆగలేదు. రీలు డబ్బాలో దించి, మూత పెట్టి, కుడికి తిప్పి బిగించాను, రెండుసార్లు లాగి చూశాను, ఊడలేదు. అప్పుడు లైటు వేశాను.

కళ్ళు మండిపోయాయి. తువ్వాలు కాలితో తోసి తలుపు తీస్తే భాస్కర్ అప్పటికే నిలబడి ఉన్నాడు. స్విచ్చి చప్పుడు విన్నాడు, నా వెనక లైటు చూశాడు. ఆయన మొహంలో అన్ని కండరాలూ ఒక్కసారి వదులయ్యాయి, కళ్ళలో నీళ్ళు. నా భుజం మీద తల పెట్టేశాడు. థాంక్స్ సుమతీ, థాంక్స్, నాకు తెలుసు నువ్వు వేస్తావని, అంటున్నాడు నా మెడలోకి. ఎంత తేలికపడ్డాడంటే ఆ బరువంతా నా మీదే పడింది. ఒక్క క్షణం అలాగే ఉంచుకున్నాను. ఆ క్షణం నాకు కావాలి, ఉంచుకున్నాను.

తర్వాత డబ్బా ఆయన చేతుల్లో పెట్టాను. అరచేతుల్లో బొబ్బలున్నాయి, నిన్నటి సమ్మెటవి. అప్పటిదాకా చూడలేదు నేను.

"మూత వేశాకే లైటు వేశాను. ఫిల్ముకి ఏమీ కాలేదు. ఈ మూత ఎడమకి తిప్పితే ఊడుతుంది. తిప్పాలనుకుంటే మీరు తిప్పండి. నేను తిప్పను."

డబ్బా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పైన రేణు ఏదో చెప్తోంది, నాగహామా గారు నవ్వుతున్నారు. భాస్కర్ వేళ్ళు మూత మీదికి వెళ్ళాయి, అక్కడే ఉన్నాయి. నేను ఆపలేదు. ఆపకూడదని పళ్ళు బిగించుకున్నాను. ఆయనకి తెలుసా ఇందులో నేనున్నానని, అన్నాడు. తెలిసే నాకిచ్చారు, అన్నాను. వేళ్ళు మూత మీంచి జారాయి. డబ్బా మళ్ళీ నా చేతికిచ్చాడు, జాగ్రత్తగా, వేడి గిన్నె అందించినట్టు. మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను కొట్టింది ఇందులో ఉంటుంది. అందరూ చూస్తారు. చూడనీ," అన్నాడు. కాసేపటికి, "లేదన్నాను సుమతీ. ఆయన నేలమీద ఉంటే, నాతో రాలేదన్నాను."

"అది ఫిల్ములో రాదండీ," అన్నాను. "అది మీరే చెప్పాలి."

లేచాడు. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు, కమ్మీ లేని మెట్లు, గోడకి చెయ్యి ఆనించుకుని. నేను సింకు దగ్గరికి వెళ్ళి డెవలపర్ మందు వేడి చూశాను, అరవై ఎనిమిది ఫారన్‌హీట్ డిగ్రీలు, సరిగ్గా ఉంది. డబ్బాలోకి పోశాను, గడియారం చూశాను, ఊపడం మొదలుపెట్టాను. తలుపు తెరిచే ఉంచాను. పైన కుర్చీ జరిగింది. భాస్కర్ రేణుని ఇంకో గదిలోకి పొమ్మన్నాడు. తర్వాత ఆయన ఇంగ్లీషు, ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషు కాదు, ఈ దేశం వచ్చిన కొత్తలో మాట్లాడే తడబాటు ఇంగ్లీషు. వాళ్ళు నన్నడిగారు, మీరు నాతో వచ్చారా అని. నేను లేదన్నాను.

నా చెయ్యి ఊపుతూనే ఉంది.

"విన్నాను," అన్నారు నాగహామా గారు.

గడియారం చూశాను. ఇంకా మూడు నిమిషాలు ఊపాలి.